ఏడో ఎత్తు పరీక్ష: చెస్ ఓపెనింగ్‌కు నమ్మదగిన పుస్తకం ఎంచుకోవడం ఎలా

2024 నవంబర్ 25న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆట. గుకేశ్ తెల్ల పావులతో ఈ4 ఆడితే అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఈ6 అన్నాడు. నల్ల పావులతో ఇలా మొదలుపెట్టే ఓపెనింగ్‌కు, అంటే ఆట ఆరంభ ఎత్తుల వరుసకు, పేరు ఫ్రెంచ్ డిఫెన్స్. 42 ఎత్తుల్లో గుకేశ్ ఓడిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు కదా, మా అమ్మాయికి పక్కింటి అన్నయ్య లెక్క. పొద్దున లేచి పళ్లు తోముకుంటూనే అంది: "నాన్నా, గుకేశ్ అన్ననే ఓడించిందంటే అది మంచి ఓపెనింగే అయ్యుంటుంది. నేను అదే నేర్చుకుంటా."

డిసెంబర్ 12కల్లా గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. మా అమ్మాయి మాత్రం ఫ్రెంచ్ వదల్లేదు. కోచింగ్‌లో ఎవరో నాలుగు జిరాక్స్ పేజీలు ఇచ్చారు. వాటిని నమ్ముకుని ఒక శని ఆదివారాల టోర్నమెంట్‌కు వెళ్లింది. రెండో రౌండ్‌లో తొమ్మిది ఎత్తులకే క్వీన్ పోగొట్టుకుని బయటికొచ్చింది. ఆ ఆట ఇదీ (అక్షరం, అంకె కలిస్తే గడి పేరు; × అంటే పావును తీసుకోవడం; అంకె తర్వాత మూడు చుక్కలుంటే నల్ల ఎత్తు):

1.ఈ4 ఈ6 2.డి4 డి5 3.ఈ5 సి5 4.సి3 నైట్ సి6 5.నైట్ ఎఫ్3 క్వీన్ బి6 6.బిషప్ డి3 సి×డి4 7.సి×డి4

ఇక్కడ నల్లకు డి4 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. మా అమ్మాయి 7...నైట్×డి4 ఆడింది. 8.నైట్×డి4 క్వీన్×డి4 9.బిషప్ బి5 చెక్. బిషప్ పక్కకు తప్పుకోగానే డి1లో ఉన్న తెల్ల క్వీన్‌కు దారి తెరుచుకుంది. చెక్ తప్పించుకునేలోపు డి4లో మన క్వీన్ పోతుంది. ముందుగా 7...బిషప్ డి7 ఆడి ఉంటే ఆ చెక్కే లేదు. జిరాక్స్ పేజీలో ఏముందో తర్వాత చూశాను. "క్వీన్ బి6తో డి4 మీద ఒత్తిడి పెంచి బంటును గెలవాలి." అంతే. ఏ ఎత్తులో గెలవకూడదో చెప్పలేదు.

ఆ ఆదివారం నుంచి దాదాపు ఏడాది నేను ఫ్రెంచ్ పుస్తకాల వెంట పడ్డాను. మూడు తప్పు పుస్తకాలు కొన్నాను, ఒకటి సరైనది దొరికింది. మంచి పుస్తకం ఏదని పదిమందిని అడిగితే పది పేర్లు చెబుతారు, అన్నీ పెద్దవాళ్లు రాసినవే. అది తేల్చుకోవాల్సింది మీరు ఓడిపోయిన ఆటను ఆ పుస్తకం ముందు పెట్టి. మా ఇంట్లో దానికి 'ఏడో ఎత్తు పరీక్ష' అని పేరు. కింద చెప్పేదంతా ఆ పరీక్ష ఎలా చేయాలన్నదే. ఉదాహరణలు ఫ్రెంచ్‌వి. మీది కారో-కాన్ అయినా, సిసిలియన్ అయినా పద్ధతి మారదు.

మొదటి పని: స్కోర్ షీట్లు బయటికి తీయడం

పుస్తకాల షాపుకు వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఒక గంట పని ఉంది. ఆ ఓపెనింగ్‌లో ఇప్పటిదాకా ఆడిన ఆటల స్కోర్ షీట్లన్నీ, అంటే ఎత్తులు రాసుకున్న కాగితాలన్నీ, ఒకచోట పెట్టండి. ఆన్‌లైన్‌లో ఆడినవీ కలపండి, కొన్ని నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ మాత్రం వద్దు. ఎదుటివాళ్లు మూడో ఎత్తుకు ఏం ఆడారో లెక్కేయండి.

మా అమ్మాయి ఆటలు పదిహేను తీస్తే ఆరింటిలో 3.ఈ×డి5, అంటే ఎక్స్ఛేంజ్ వేరియేషన్. ఐదింటిలో 3.ఈ5, అడ్వాన్స్. రెండింటిలో 3.నైట్ సి3. ఒకదానిలో 3.నైట్ డి2, అదే తరాష్. మిగిలిన ఒక్కదానిలో అవతలి పిల్లాడు రెండో ఎత్తుకే డి3 ఆడాడు. ఫ్రెంచ్ పుస్తకాల్లో ఎక్కువ పేజీలు తినేసేది 3.నైట్ సి3. మా అమ్మాయికి అది ఎదురైంది రెండుసార్లే.

ఈ లెక్క లేకుండా పుస్తకం కొనడం కొలతలు లేకుండా చొక్కా కుట్టించడమే. నా మొదటి తప్పు కూడా ఇదే.

ఇంకో చిన్న సంగతి. ప్రతి ఓపెనింగ్‌కు ఒక కోడ్ ఉంటుంది. బెల్‌గ్రేడ్‌లోని ఇన్ఫర్మేటర్ సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. ఏ00 నుంచి ఈ99 దాకా మొత్తం ఐదు వందల కోడ్‌లు. ఫ్రెంచ్‌ది సి00 నుంచి సి19. సి01 ఎక్స్ఛేంజ్, సి02 అడ్వాన్స్, సి03 నుంచి సి09 తరాష్, సి15 నుంచి సి19 వినావర్ (3.నైట్ సి3కి నల్ల 3...బిషప్ బి4 ఆడేది). సింగపూర్‌లో డింగ్ ఆడినది సి11. స్కోర్ షీట్ల మీద ఈ కోడ్‌లు పెన్సిల్‌తో రాసుకోండి. రేపు పుస్తకం తిరగేసేటప్పుడు, డేటాబేస్‌లో వెతికేటప్పుడు దారి తప్పరు.

పుస్తకాల్లో రకాలు

ఓపెనింగ్ పుస్తకం అనగానే ఒకే రకం అనుకుంటాం. స్థూలంగా మూడు రకాలున్నాయి.

ఒకటి, అన్ని ఓపెనింగ్‌లనూ పైపైన పరిచయం చేసేది. పాల్ వాన్ డెర్ స్టెరెన్ రాసిన 'ఫండమెంటల్ చెస్ ఓపెనింగ్స్' అలాంటిది. ఏ ఓపెనింగ్ పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. పట్టుకున్న తర్వాత అదొక్కటే చాలదు.

రెండోది ఒకే ఓపెనింగ్‌ను ఆటల ద్వారా, మాటలతో వివరించేది. ఎవ్రీమ్యాన్ ప్రచురణ సంస్థ వాళ్ల 'స్టార్టింగ్ అవుట్', 'మూవ్ బై మూవ్' సిరీస్‌లు ఈ కోవలోవి. మొదటి సిరీస్ మొదలుపెట్టేవాళ్ల కోసం. రెండోది మాస్టర్ల ఆటలు తీసుకుని మధ్యమధ్యలో మనల్నే ప్రశ్నలు అడుగుతూ పోతుంది.

మూడోది రెపర్టోయిర్. అంటే "ఎదుటివాడు ఏది ఆడినా నువ్వు ఇది ఆడు" అని ఒక్క వైపు నుంచి దారి గీసిచ్చేది. క్వాలిటీ చెస్ వాళ్ల 'గ్రాండ్‌మాస్టర్ రెపర్టోయిర్' సిరీస్ దీనికి పెద్ద పేరు. అందులో ఫ్రెంచ్ మీద ఇమాన్యుయెల్ బెర్గ్ మూడు సంపుటాలు రాశాడు. గొప్ప పని, అందులో సందేహం లేదు. కానీ మూడింటిలో రెండు ఒక్క వినావర్‌కే పోయాయి. నేను ఎగిరి గంతేసి కొన్నది ఆ రెండింటిలో ఒకటి. నెలకోసారి కూడా వినావర్ ఎదురుకాని పదకొండేళ్ల పిల్లకు వినావర్ మీద లావుపాటి పుస్తకం! ఇంటికి తెచ్చాక మా ఆవిడ దాన్ని ఒకసారి చేత్తో తూచి చూసి, "దీంతో చెస్ ఆడాలా, పచ్చడి జాడీ మీద బరువు పెట్టాలా?" అంది.

కాబట్టి రేటింగ్ 1600 లోపు ఉంటే రెండో రకం. 1600 నుంచి 2000 దాకా రెండో రకంతోపాటు ఒక్క సంపుటంలో ముగిసే రెపర్టోయిర్. ఆపైన మూడో రకంలో ఎంత లావుదైనా సరే. ఇది నా అంచనాయే, శాసనం కాదు. అయితే దీనికి ఎదురు వెళ్లి సంతోషంగా ఉన్నవాళ్లను నేనింకా చూడలేదు.

షాపులో నిలబడి పది నిమిషాలు

పుస్తకం చేతికొచ్చింది, లేదా ప్రచురణకర్తల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇచ్చే కొన్ని పేజీలు తెరిచారు. ఫార్వర్డ్ చెస్ యాప్‌లో కూడా కొనేముందు కొంత భాగం చదవనిస్తారు. ఇప్పుడు నేను చూసే వరుస ఇది. ముందుమాటతో మొదలుపెట్టను. ముందుమాటలో ప్రతివాడూ తన పిల్ల బంగారమనే అంటాడు.

ముందు చివరి పేజీలు తెరవండి. అక్కడ వేరియేషన్ల సూచిక ఉండాలి, ఏ ఎత్తు ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక. అది లేకపోతే పుస్తకం ఎంత బాగున్నా అవసరమైనప్పుడు అక్కరకు రాదు. టోర్నమెంట్‌కు ముందురోజు రాత్రి పదిన్నరకు టెన్షన్‌లో ఒక లైన్ వెతుక్కున్నవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది.

ఆ సూచికలోనే ఏడో ఎత్తు పరీక్ష. నా విషయంలో 7.సి×డి4 ఉన్న పేజీకి వెళ్తాను. అక్కడ మూడు సంగతులు వెతుకుతాను. మొదటిది, 7...నైట్×డి4 ఎందుకు కుదరదో చెప్పాడా? గ్రాండ్‌మాస్టర్‌కు అది చెప్పనక్కర్లేని విషయం, మనకు చెప్పి తీరాల్సిన విషయం. రాసినవాడి దృష్టిలో ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోతుంది. రెండోది, 7...బిషప్ డి7 తర్వాత తెల్ల వాళ్లు 8.ఓ-ఓ (రాజును దగ్గరి రూక్ వైపు క్యాజిల్ చేయడం) ఆడి బంటును నిజంగానే వదిలేస్తారు. దాన్ని మిల్నర్-బ్యారీ గాంబిట్ అంటారు. 8...నైట్×డి4 9.నైట్×డి4 క్వీన్×డి4 10.నైట్ సి3 దాకా వెళ్లాక ఏం చెయ్యమన్నాడు? ఇక్కడ రెండో బంటు ఈ5లో ఊరిస్తూ ఉంటుంది. తినొచ్చు, తింటే తెల్లకు పావులన్నీ మన రాజు మీదికి దూకడానికి దారి దొరుకుతుంది. లేదా 10...ఏ6 అని ఒక చిన్న బంటు ఎత్తుతో బి5 గడిని మూసేసి నిదానంగా ఆడొచ్చు. మా అమ్మాయిలాంటివాళ్లకు ఈ రెండోదే క్షేమం. పుస్తకం ఏ దారి ఎంచుకుంది అన్నది రెండో ప్రశ్న. ఎందుకు ఎంచుకుందో కారణం చెప్పిందా అన్నది మూడో ప్రశ్న, అసలైనది కూడా ఇదే. "నల్లకు మెరుగు" అని రాసి వదిలేస్తే ఆ పుస్తకాన్ని నేను తిరిగి అరలో పెట్టేస్తాను. ఆ మెరుగును ఎలా నిలబెట్టుకోవాలో తెలిస్తే నేను పుస్తకం ఎందుకు కొంటాను?

మీకు మిల్నర్-బ్యారీ ఎదురుకాకపోవచ్చు. మీరు ఓడిన ఆటలోంచి మీ ఏడో ఎత్తు ఏదో మీరే తీసుకోండి. మూడు ఆటలుంటే మూడు ఎత్తులు. ఒక చిన్న చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే చాలు.

తర్వాత పేజీ పరీక్ష. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి, ఎత్తులు ఎన్ని, మాటలు ఎన్ని అని చూడండి. బ్రాకెట్లో బ్రాకెట్, అందులో ఇంకో బ్రాకెట్, ఏ1, ఏ2, బి11, బి121 అంటూ చెట్టు కొమ్మల్లా పోతుంటే అది పెద్దవాళ్ల రిఫరెన్స్. ఫ్రెంచ్ అయితే సి8లో ఇరుక్కుపోయే బిషప్ గురించి కనీసం రెండు మూడు చోట్ల మాటల్లో రాసి ఉండాలి. సొంత బంట్లే ఈ6లో, డి5లో నిలబడి దారి మూసేసిన ఆ బిషప్‌ను ఎప్పుడు, ఎక్కడి నుంచి బయటికి తీయాలన్నదే ఈ ఓపెనింగ్ మొత్తానికి మూలప్రశ్న. దాని ఊసెత్తని ఫ్రెంచ్ పుస్తకం ఉప్పు లేని పప్పు.

గుర్తుల దగ్గరా జాగ్రత్త. కూడిక కింద తీసివేత గీత ఉంటే తెల్లకు పైచేయి. కూడిక కింద సమాన గుర్తుంటే తెల్లకు కాస్త మొగ్గు. పడుకున్న ఎనిమిది ఉంటే అస్పష్టం. ఒక అధ్యాయంలో ముఖ్యమైన లైన్లలో సగం ఈ పడుకున్న ఎనిమిదితోనే ఆగిపోతున్నాయంటే రచయిత మనల్ని నడి ఏట్లో దించేసి పడవ వెనక్కి తిప్పుకున్నాడని అర్థం.

ఇక ఎక్స్ఛేంజ్ వేరియేషన్ అధ్యాయం. 3.ఈ×డి5 ఈ×డి5 తర్వాత రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అందరూ "డ్రా లైన్" అని తేల్చేస్తారు. పిల్లల టోర్నమెంట్లలో ఫ్రెంచ్‌కు భయపడ్డ ప్రతివాళ్లూ ఆడేది ఇదే. నిజానికి ఆ మార్పిడితో తెల్ల వాళ్లే మన సి8 బిషప్‌కు తలుపు తీసిచ్చారు. ఇక్కడ గెలవడానికి ప్రయత్నించాలంటే పోలికను చెడగొట్టాలి. గుర్రాన్ని ఎఫ్6కు కాకుండా ఈ7కు తేవడం, రాజును వాళ్లకు ఎదురు వైపు క్యాజిల్ చేయడం లాంటివి. ఈ అధ్యాయానికి పుస్తకంలో పేజీన్నర దొరికితే, అది మీ టోర్నమెంట్ కోసం రాసింది కాదు. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. నేను రెండోసారి కొన్న పుస్తకం మిగతా పరీక్షలన్నీ నెగ్గి ఇక్కడ బోల్తా కొట్టింది.

రచయిత ఎవరు, ఎప్పుడు రాశాడు

రచయిత గ్రాండ్‌మాస్టరా కాదా అన్నది నేను అంతగా పట్టించుకోను. ఆయన ఈ ఓపెనింగ్ స్వయంగా ఆడతాడా అన్నదే చూస్తాను. ఏదైనా ఆటల డేటాబేస్‌లో ఆయన పేరు కొట్టి సి00-సి19 ఆటలు ఎన్ని ఉన్నాయో చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఉల్మన్ జీవితమంతా ఈ4కు ఫ్రెంచే ఆడాడు. ఆయన పుస్తకం ఇంగ్లీషు పేరు 'విన్నింగ్ విత్ ద ఫ్రెంచ్'. మామూలుగా 'దీంతో గెలవండి' తరహా పేరు కనిపిస్తే నేను ఆమడ దూరం ఉంటాను. ఈయనకు మాత్రం అలా పేరు పెట్టుకునే హక్కుంది. మనవాళ్లలో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ ఫ్రెంచ్ మీద చెస్సబుల్ అనే ఆన్‌లైన్ సైట్‌లో కోర్సు చేశారు. ఆయన 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయిన ఆటగాడు, సింగపూర్‌లో గుకేశ్ తెర వెనక జట్టులో ఉన్న మనిషి. మా అమ్మాయికి ఇంతకంటే పెద్ద సిఫార్సు అక్కర్లేదు. అది పుస్తకం కాదు, తెర మీద ఎత్తులు మళ్లీ మళ్లీ ఆడించి బట్టీ పట్టించే పద్ధతి. పుస్తకంతో పాటు వాడితే బాగుంటుంది, పుస్తకానికి బదులుగా అయితే పిల్లలు వేళ్లతో నేర్చుకుంటారు, బుర్రతో కాదు. ఈ మాటకు చాలామంది కోచ్‌లు ఒప్పుకోరు.

ఏ సంవత్సరంలో వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. కవర్ వెనక ముద్రణ సంవత్సరంతో ఆగకండి. పుస్తకంలో ఉదహరించిన ఆటల్లో అన్నిటికంటే కొత్తది ఏ సంవత్సరానిదో చూడండి. 2015లో అచ్చయి, ఆటలు 2009 దగ్గరే ఆగిపోతే అది మళ్లీ ముద్రించిన పాత సరుకు. జాన్ వాట్సన్ 'ప్లే ద ఫ్రెంచ్' 2003లో మూడో ఎడిషన్, 2012లో నాలుగో ఎడిషన్ వచ్చింది. సెకండ్ హ్యాండ్ షాపులో "సేమ్ బుక్ సార్" అని అమ్ముతారు. ఎడిషన్ మారితే లోపలి సిఫార్సులూ మారతాయి.

2017 డిసెంబర్‌లో ఆల్ఫాజీరో అనే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ (ఇలాంటివాటినే ఇంజిన్ అంటారు) ఆటలు బయటికొచ్చాయి. 2020లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 అనే ఇంజిన్ న్యూరల్ నెట్‌వర్క్‌తో పనిచేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా "ప్రమాదం, ఆడకూడదు" అనుకున్నవి కొన్ని బాగున్నాయని, "చక్కగా నిలబడుతుంది" అన్నవి కొన్ని కూలిపోతాయని తేలింది. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది ఒక్క ఎత్తు తప్పితే ఆట పోయే పదునైన లైన్లకు. వినావర్‌లో 7.క్వీన్ జి4 క్వీన్ సి7 8.క్వీన్×జి7 రూక్ జి8 9.క్వీన్×హెచ్7 అంటూ పోయే పాయిజన్డ్ పాన్ లాంటివి. వాటికి పాత పుస్తకం నమ్ముకోవద్దు.

అలాగని పాతవన్నీ పారేయకండి. 'పాత చింతకాయ పచ్చడి' అని మనం తీసిపారేసే మాటగా వాడతాం గానీ, జ్వరం తగ్గి పథ్యం మీద ఉన్నవాడికి అమ్మమ్మ పెట్టేది పాత చింతకాయ పచ్చడినే. ఎత్తులు పాతబడతాయి, ఆలోచనలు అంత తొందరగా పాతబడవు. సి8 బిషప్‌ను బి6-ఏ6 ద్వారా మార్చేసుకోవడం, సి5-ఎఫ్6 అంటూ తెల్ల బంట్ల గొలుసును రెండు వైపులా కొరకడం ఉల్మన్ ఆటల్లో ఎంత స్పష్టంగా ఉంటుందో, కొత్త రెపర్టోయిర్లలో అంత ఉండదు.

కొనేశాక ఇంజిన్‌తో ఒక సాయంత్రం

లైచెస్ అనే ఉచిత చెస్ సైట్‌లో ఒక స్టడీ తెరిచి పుస్తకంలోని మూడు ముఖ్యమైన లైన్లు ఎక్కించండి. ఇంజిన్ ఆన్ చేసి ఒక్కో ఎత్తు దగ్గర కాసేపు ఆగండి. చూడాల్సింది ఒక్కటే: పుస్తకం "సమానం" అన్నచోట ఇంజిన్ ఒకటిన్నర, రెండు బంట్ల తేడా చూపిస్తోందా? చూపిస్తే ఆ లైన్ పక్కన పెన్సిల్‌తో అడ్డగీత. అలాంటివి మూడింటిలో రెండుంటే పుస్తకం మార్చేయండి.

0.4, 0.5 తేడాలకు కంగారు పడొద్దు. ఫ్రెంచ్‌లో మొదటి నుంచే ఇంజిన్ తెల్ల వైపు కొంచెం మొగ్గు చూపిస్తుంది. డింగ్‌కూ అది తెలుసు, అయినా ఆడాడు, గెలిచాడు. ఇంకోవైపు, ఇంజిన్ 0.00 అన్నంత మాత్రాన లైన్ మనకు సురక్షితం కాదు. వరుసగా ఎనిమిది ఎత్తులు ఒకే ఒక్క దారిలో నడిస్తేనే వచ్చే సున్నా అది. పదకొండేళ్ల పిల్ల ఆ తాడు మీద నడవలేదు. నేనూ నడవలేను.

ఇంజిన్ కంటే ఎక్కువ ఉపయోగపడేది లైచెస్‌లోని ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్. మాస్టర్స్ డేటాబేస్‌లో పెద్దవాళ్ల ఆటలు కనిపిస్తాయి. దాన్ని లైచెస్ ఆటగాళ్ల డేటాబేస్‌కు మార్చి, రేటింగ్ ఫిల్టర్‌ను మీ స్థాయికి పెడితే, మీలాంటివాళ్లు ఆ పొజిషన్‌లో నిజంగా ఏం ఆడుతున్నారో తెలుస్తుంది. పుస్తకంలో లేని ఎత్తు అక్కడ ఎక్కువమంది ఆడుతున్నారంటే, రేపు మీ బోర్డు మీదికి రాబోయేది అదే.

చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి

నిజం చెప్పాలంటే కొత్త పుస్తకాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. చెస్‌బేస్ ఇండియా షాపులో పెద్ద ప్రచురణకర్తలవి చాలావరకు దొరుకుతాయి. దిగుమతి సరుకు కాబట్టి రెండు వేలు అటూ ఇటూ పెట్టాల్సి వస్తుంది. అందుకే ఇంత పరీక్ష. జనవరిలో నందనం వైఎంసీఏ మైదానంలో జరిగే పుస్తక ప్రదర్శనకు ఏటా వెళ్తాం. చెస్ పుస్తకాలు ఉంటాయి గానీ చాలావరకు మొదలుపెట్టేవాళ్లవీ పజిల్స్‌వీ. ఓపెనింగ్ పుస్తకం దొరికితే అదృష్టం.

పాత పుస్తకాలకు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్. అసలు కట్టడం 1985లో కాలిపోయింది, ఇప్పుడున్నది లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌లోని షాపులు. పోటీ పరీక్షల గైడ్ల కట్టల కింద ఒక్కోసారి బంగారం బయటపడుతుంది. నాకొకసారి పసుపు పట్టిన ఒక ఫ్రెంచ్ పుస్తకం దొరికింది. షాపు ముసలాయన నెల్లూరు యాసలో, "తీసుకో నాయనా, ఇదేందో ఫ్రెంచి భాష పుస్తకమంట, ఏడాది నుంచి ఎవరూ అడగలా" అని యాభై రూపాయలకే ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే ఎత్తులన్నీ పి-కె4, ఎన్-కెబి3 అని ఉన్నాయి. పాత డిస్క్రిప్టివ్ రాత. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1981 నుంచి దాన్ని గుర్తించడం మానేసింది. ఈ రాతలో ఒకే గడికి తెల్ల వైపు నుంచి ఒక పేరు, నల్ల వైపు నుంచి ఇంకో పేరు. మా నాన్న తరం వాళ్లకు అలవాటే, మా అమ్మాయి రెండు పేజీలకే నిద్రపోయింది. పాత షాపుల్లో కొనేముందు ఏదో ఒక పేజీ తెరిచి ఇది చూసుకోండి. మైలాపూర్ లజ్ దగ్గర, ట్రిప్లికేన్‌లో కూడా పాత పుస్తకాలు పెడతారు, ఓపికుంటే వెతకొచ్చు.

లైబ్రరీల సంగతి. ఎగ్మోర్ కన్నెమరాలో దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి చేరాలని చట్టం. అయితే ఓపెనింగ్ పుస్తకాలు అచ్చయ్యేది ఇంగ్లండ్, స్కాట్లండ్, నెదర్లండ్స్‌లలో. కాబట్టి తాజావి అక్కడ ఉంటాయని ఆశపెట్టుకుని వెళ్లకండి.

కస్తూరి రంగా రోడ్డులోని రష్యన్ కల్చరల్ సెంటర్ గురించి చెప్పకపోతే పాపం. సోవియట్ రోజుల్లో అక్కడి తాల్ చెస్ క్లబ్‌లోనే చిన్ననాటి ఆనంద్ ఆడుకున్నాడు. ఆ రోజుల్లో సోవియట్ పుస్తకాలు చవగ్గా దొరికేవి. విశాలాంధ్రలో కొని ఇంట్లో దాచుకున్న తాతయ్యలు మనలో చాలామందికి ఉన్నారు. అటక మీద ఒకసారి వెతికి చూడండి.

దూరంగా ఉండాల్సినవి

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు. దొంగతనం అన్న మాట అటుంచండి. పుస్తకాల్లో పావులకు బొమ్మ అక్షరాలు వాడతారు. స్కాన్ చేసి మార్చినప్పుడు అవి చెడిపోయి, గుర్రం ఎత్తు బిషప్ ఎత్తుగా కనిపిస్తుంది. మా జిరాక్స్ పేజీలు కూడా అలాంటి వాటి పిల్లలేనని నాకు అనుమానం.

ఈ మధ్య ఆన్‌లైన్ షాపుల్లో రచయిత ఎవరో తెలియని సన్న పుస్తకాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి, యంత్రంతో రాయించినవి. డయాగ్రమ్‌లు ఉండవు, ఏ ఆట ఎవరు ఎప్పుడు ఆడారో ఉండదు. ఎత్తులు బోర్డు మీద పెడితే కొన్ని అసలు ఆడడానికే వీలుకావు. మాదిరి పేజీలో పది ఎత్తులు బోర్డు మీద పెట్టి చూస్తే చాలు, బండారం బయటపడుతుంది. నేను మూడోసారి మోసపోయింది దీనితోనే. కవర్ మీద సింహం బొమ్మ ఉంది, నాకు నచ్చింది.

స్టార్లను కూడా నమ్మొద్దు. పుస్తకం వచ్చిన వారంలోనే ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లు మొదటి అధ్యాయం కూడా చదివి ఉండరు. మూడు స్టార్లు ఇచ్చి కారణం రాసినవాడి మాట వినండి.

పెన్సిల్ పని

పుస్తకం దొరికాక అంతా ఒకేసారి చదవకండి. స్కోర్ షీట్ల లెక్క ప్రకారం ఎక్కువసార్లు ఎదురైన వేరియేషన్ ముందు. మేం ఎక్స్ఛేంజ్ అధ్యాయంతో మొదలుపెట్టాం, ఆ తర్వాత అడ్వాన్స్. వినావర్ ఇప్పటికీ తెరవలేదు. బోర్డు పెట్టుకునే చదవాలి. తెర మీద గబగబా తిప్పేస్తే ఏమీ మిగలదు.

ప్రతి టోర్నమెంట్ తర్వాత ఆట తెచ్చి పుస్తకంలోని పేజీ పక్కన పెట్టి, ఎక్కడ దారి విడిపోయిందో మార్జిన్‌లో రాయడం అలవాటు చేయండి. తేదీ, ఎదుటివాళ్లు ఆడిన ఎత్తు, మనం ఆడింది, ఆడాల్సింది. ఫలితం రాయనవసరం లేదు.

మా పుస్తకంలో అడ్వాన్స్ అధ్యాయం ఆ పేజీలో 7...బిషప్ డి7 కింద రెండు గీతలున్నాయి. పక్కనే మా అమ్మాయి చేతిరాత: "ముందు తలుపు వేసుకో." కింద మొన్న నెలలో కొత్తగా చేరిన ఇంకో మాట ఉంది. అవతలి అబ్బాయి 8.ఓ-ఓ ఆడాడట. 10...ఏ6 గుర్తొచ్చిందట.